ఏసీఎస్ సీడ్ గ్రాంటుకు అప్లై చేసేవాళ్లకి

అమెరికాలో కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్లుగా చేరిన మనవాళ్లు ఇది చూడండి. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ (ఏసీఎస్) ఇన్‌స్టిట్యూషనల్ రీసెర్చ్ గ్రాంటు డబ్బు ముందు యూనివర్సిటీకి వస్తుంది, అక్కడి కమిటీ చిన్న పైలట్ ప్రాజెక్టులకు పంచుతుంది. కాబట్టి అప్లికేషన్ సొసైటీకి కాదు, మీ క్యాన్సర్ సెంటర్‌కే ఇవ్వాలి. మొదటి స్వతంత్ర ఉద్యోగంలో చేరి 6 ఏళ్లు దాటకూడదు. ఆర్01 (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే పెద్ద గ్రాంటు) లాంటి జాతీయ గ్రాంటు ఉంటే అర్హత లేదు. పోస్ట్‌డాక్‌లకు (పీహెచ్‌డీ తర్వాత వేరేవాళ్ల ల్యాబ్‌లో శిక్షణలో ఉన్నవాళ్లకు) కూడా లేదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఒక్కచోటే: ఐదేళ్ల ఆర్01 ప్లాన్‌ని ఈ ఒక్క ఏడాది గ్రాంటులో ఇరికిస్తారు. ఒక్క ప్రశ్న, మహా అయితే రెండు ఎయిమ్‌లు (ప్రాజెక్టు లక్ష్యాలు) చాలు. ఎలుకల మీద పని ఉంటే నెలలు లెక్కేసుకోండి: బ్రీడింగ్‌కి, ట్యూమర్ పెరగడానికి, మందు ఇవ్వడానికి, శాంపిల్స్ సీక్వెన్సింగ్‌కి. అన్నీ కలిపి 12 నెలలు దాటితే సెల్ లైన్లలో (ల్యాబ్‌లో పెంచే కణాల్లో) తేలే భాగమే ఉంచండి. ఈ డబ్బుతో రావాల్సింది రేపటి ఆర్01లో పెట్టుకోగల ఒక గట్టి ఫిగర్ (ఫలితాన్ని చూపే గ్రాఫ్ లేదా బొమ్మ).

బడ్జెట్‌లో మీ జీతం వేయకండి, ఒప్పుకోరు. రీజెంట్లు, టెక్నీషియన్, కోర్ ఫెసిలిటీ (యూనివర్సిటీలో అందరూ వాడుకునే ల్యాబ్) ఖర్చులు వేయండి, కొటేషన్ ముందే తీసుకోండి. జంతువుల, రోగుల శాంపిళ్ల అనుమతులు వచ్చేదాకా డబ్బు విడుదల కాదు. ఆ అనుమతులకు ఇవ్వాల్సిన ప్రోటోకాల్ రాయడం ఇవాళే మొదలుపెట్టండి.