ఒక టన్ను చాలు

విశాఖపట్నం

చిరంజీవి శ్రీనుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాలు అలాగే ఉంది. నువ్వు పంపిన 60,000 రూపాయలు అందాయి. దాంతో పాటు ఒకే ముక్క: "రెండు టన్నుల ఏసీ తీసుకోండి నాన్నా." ఆ తర్వాత మూడు ఆదివారాలు గడిచాయి, ఫోను లేదు. పని ఎక్కువై ఉంటుందిలే.

రెండు టన్నులు ఎందుకురా? పడకగది పది అడుగులకు పదకొండు. పై వాటాలో అద్దెవాళ్ళున్నారు కాబట్టి డాబా వేడి మన మీద పడదు. బాధల్లా పడమటి గోడతోనే. 2014లో హుద్‌హుద్‌కు మామిడిచెట్టు కూలిన దగ్గర నుంచి మధ్యాహ్నపు ఎండంతా అదే తాగుతోంది. దానికి వెదురు తడక కట్టించాను. ఇద్దరు ముసలివాళ్ళకు ఒక టన్ను చాలు. ద్వారకా నగర్ దుకాణంలో కుర్రాడు టన్ను అంటే ఏమిటో నాకు చెప్పబోయాడు. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో 26 ఏళ్ళు చేసినవాడికి! అమెరికా టన్ను, అంటే 907 కిలోల ఐసు, 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో అంత వేడిని గదిలోంచి లాగడం. వేడిని కొలిచే లెక్కలో చెప్పాలంటే గంటకు 12,000 బి.టి.యు. నేను లెక్క కట్టి చూపిస్తే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

సీతమ్మధార పిన్ని మొన్న వచ్చింది. ఏదో అంది. ఆవిడ మాటలు నీకు తెలియనివా, పట్టించుకోలేదు.

పెద్దదైతే మరీ హాయి అనుకుంటారు. మీ చిన్న మామయ్య అలాగే లాసన్స్ బే కాలనీ ఇంట్లో ఇంతే గదికి రెండు టన్నులది బిగించాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే లోపలికి తీసుకెళ్ళి, తలుపు వేసి, "ఎలా ఉంది బావా?" అని అడిగాడు. ఐదు నిమిషాలు వణికించి టక్కున ఆగింది. కాసేపటికి మళ్ళీ గుర్రుమని లేచింది. రాత్రి మమ్మల్ని అందులోనే పడుకోమన్నాడు. చలికి చలి, పైగా దుప్పటి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంది. పొద్దున లేచి గొట్టం కింద బకెట్టు చూశాను. అడుగు కూడా మునగలేదు. సముద్రగాలిలో తేమ నీళ్ళై కారాలంటే లోపలి కాయిల్ ఎక్కువసేపు చల్లగా ఉండాలి, ఐదేసి నిమిషాలు తిరిగి ఆగిపోతే ఎలా? వానాకాలం వచ్చేసరికి బీరువా వెనక గోడకు బూజు పట్టింది. ఆ గదిలో దాచిన అప్పడాలు కూడా మెత్తబడ్డాయని మీ అత్తయ్య గొడవ. ఆయన మాత్రం ఈ రోజుకీ కరెంటు వోల్టేజీదే తప్పంటాడు.

ఇప్పటి ఇన్వర్టర్ ఏసీలు గది చల్లబడ్డాక ఆగిపోకుండా వేగం తగ్గించుకుంటాయి, నిజమే. కానీ ఎంత తగ్గినా దానికీ ఒక హద్దుంది. మరీ చిన్నది కొని రోజంతా పరుగెత్తించడమూ తప్పే అనుకో. కాయిల్ మాత్రం రాగిదే కావాలని గట్టిగా చెప్పాను, మన ఉప్పుగాలి సంగతి తెలిసిందే కదా.

మిగిలిన డబ్బు నీ ఖాతాలో తిరిగి వేస్తాను. వద్దనకు. పాప ఫీజులు, అద్దె, ఉద్యోగం ఉన్నవాళ్ళకే జూన్‌లో ఊపిరాడదు.

పిన్ని అన్నది అదే, నువ్వు ఉద్యోగం మానేశావని. మానేశావో, వాళ్ళే మాన్పించారో ఆవిడకూ తెలియదు. ఫ్యాక్టరీ మూసినప్పుడు నేను మీ అమ్మకు తొమ్మిది రోజులు చెప్పలేదు. పదో రోజు బట్టలు ఉతుకుతూ ఆవిడే అడిగింది, చొక్కాకు అమ్మోనియా వాసన రావడం లేదేమని.

వేళకు తింటున్నావా? రాత్రిళ్ళు పెరుగు మానకు.

పాప సెలవులు అయిపోయేలోపు ముగ్గురూ వచ్చి ఉండండి. అప్పుడు గదిలో ఐదుగురం అవుతాం, ఒక టన్ను చాలదు, టన్నున్నర కావాలి. బిగించేవాళ్ళు గురువారం వస్తారు. బుధవారంలోపు చెబితే మార్చి తెస్తాను. తేడా నేను పెట్టుకుంటాను.

మీ నాన్న