నీ ఓడలో నీళ్లాయన

నల్లగొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా సరితా,

నువ్వు పంపిన కథ మొత్తం చదివాను. ఫోన్‌లో అక్షరాలు ఆనక జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాను. 62 పేజీలు. "ఏం కేసు అంకుల్ ఇది?" అన్నాడు షాపు పిల్లగాడు. హత్య కేసే, కాకపోతే ఆకాశంలో అన్నాను.

నీ ఫోన్ రాక ఇరవై రోజులైంది. దాని గురించి కాదు ఈ ఉత్తరం, కథ గురించే.

ఫ్యాన్ ఆపి చంపడం బాగుంది. బరువు తెలియని చోట గాలి తనంతట తాను కదలదు, విడిచిన గాలి మొహం చుట్టే నిలిచిపోతుంది, నిద్రలోనే ఊపిరాడదు అని రాశావు. ఆ రాత్రి మీ అమ్మ కూలర్ ఆపితే దిగ్గున లేచి కూర్చున్నాను. నీ రూములో ఫ్యాన్ కటకటమంటోంది అన్నావు, బాగు చేయించావా?

దగ్గరి నక్షత్రానికి వెలుగే నాలుగేళ్ల పైన పోవాలట. 1977లో వదిలిన వాయేజర్ అంతరిక్ష నౌక వేగంతో పోతే 70 వేల ఏళ్లు దాటుతుందట. నీ ఓడ 140 ఏళ్లలో పోతుంది. సరే, కథ. కానీ ఎక్కినవాళ్లెవరూ దిగని బండి అది. అలాంటిది ఎక్కేటప్పుడు ఇంట్లో ఒక మాట చెప్పి ఎక్కాలి కదా. మల్లేశం బావ బస్టాండులో కలిసి, "సరిత ఆఫీసు మానేసిందట కదా" అన్నాడు. తెలుసు అన్నాను.

58వ పేజీలో హంతకుడు నీళ్ల ప్లాంటాయన అని తేలింది. కుడికాలు ఈడుస్తాడు, చెవి సందులో అగ్గిపుల్ల పెట్టుకుంటాడు. మీ అమ్మ నా వైపు చూసి ఒకటే నవ్వు. నాకేం బాధ లేదు, కథకు ఎవరో ఒకరు కావాలి. కానీ ఓడలో చెమట, మూత్రం కూడా వడగట్టి మళ్లీ తాగాల్సిందే. అంతరిక్ష కేంద్రంలో నూటికి 98 పాళ్లు నీళ్లు తిరిగి రాబడుతున్నామని 2023లో నాసా చెప్పింది. అంటే అందరిదీ ఒకటే కుండ. ఆ కుండ దగ్గర కూర్చున్నవాడు ఎంత భయంతో బతుకుతాడో నాకు తెలుసు.

నువ్వు రెండో క్లాసులో ఉన్నప్పుడు నేను మర్రిగూడ దిక్కు ప్లాంటులో ఉన్నాను. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపితే దూదిపింజల్లా తెట్టె కట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కు దిగుతుంది. మన ఊరి పేరు మీద ప్రపంచమంతా 'నల్లగొండ పద్ధతి' అంటారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు. ఒకరోజు ఆడవాళ్లు బిందెలు తెచ్చి నా ముందే కుమ్మరించారు, నీళ్లు పులుపని. పటికకు తోడు సున్నం పడకపోతే అంతే. సున్నం బస్తా నువ్వే అమ్ముకున్నావని హెల్పర్ యాదగిరిని పదిమందిలో అన్నాను. వాడు నోరెత్తలేదు, సైకిల్ తీసుకుని పోయాడు. మూడో నాడు మెట్ల కింద ఊడుస్తుంటే ఆ బస్తా కనబడింది, కుట్టు కూడా విప్పలేదు. రిజిస్టర్ తీస్తే సున్నం వేసినట్టు టిక్కు నాదే. ముందు రాత్రి నీకు జ్వరం, నిద్ర లేదు. వాళ్లింటికి పోయాను. వాళ్లమ్మ నడుము ఫ్లోరైడ్‌తో వంగిపోయింది, తల ఎత్తలేదు. నా చెప్పులు చూసి "నీళ్ల సారువా?" అంది. వాడు భీవండి పోయాడట. ఉత్తరం ఏమన్నా వచ్చిందా అని నన్నే అడిగింది.

నీ ఓడలో పోలీసమ్మాయి మూడు పేజీలు కెమెరాలే చూసింది, రిజిస్టర్ ఒక్కసారీ తెరవలేదు. తెరిపించు. ఉద్యోగం మానాలంటే ముందు ఇంకోటి చేతిలో... సరే, లెక్చర్ ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చాను.

బావ కొడుకుతో సకినాలు, మామిడికాయ తొక్కు పంపుతున్నాం. తొక్కు డబ్బా నిలువుగానే పెట్టు, నూనె కారుతుంది. నీ అకౌంట్లో ఐదు వేలు వేశాను. అద్దె ఏ తారీఖు? బస్సెక్కితే హైదరాబాద్ రెండున్నర గంటలే. వస్తానని కాదు.

ప్రింటు మీద పెన్సిల్‌తో తప్పులు దిద్దాను. ఒకటి మాత్రం ఇక్కడే చెబుతున్నా. నేను ఈడ్చేది ఎడమకాలు.

మీ నాన్న