ఏ పరీక్షో చెప్పని ఐక్యూ వార్తేనా?

సంపాదకులకు,

ఫలానా తారకు ఐక్యూ 154, ఫలానా వ్యాపారవేత్తకు 160, మరో గాయకుడికి ఏకంగా 190 అంటూ తరచూ వచ్చే కథనాల గురించి ఈ ఉత్తరం. అంకె ఘనంగా ఉంటుంది. ఏ పరీక్ష రాశారో, ఎప్పుడు రాశారో, ఎవరు పెట్టారో మాత్రం ఉండదు. ‘సన్నిహితులు చెబుతున్నారు’ అన్న మాటతో సరిపెట్టేస్తారు.

పరీక్ష పేరు తెలియకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. సగటును 100గా పెట్టుకోవడం మామూలే గానీ, అక్కణ్ణుంచి పైకి పోయే కొద్దీ పాయింట్ల లెక్క ఒక్కో పరీక్షలో ఒక్కో తీరు. వెక్స్‌లర్ పరీక్షలో 130 వచ్చినవారూ, కాటెల్ పరీక్షలో 148 వచ్చినవారూ ఒకే మెట్టు మీద ఉన్నట్టు. ఇద్దరూ జనంలో పై 2 శాతంలోని వారే, అధిక ఐక్యూ ఉన్నవారి సంఘమైన మెన్సా సభ్యత్వానికి పెట్టుకున్న గీత కూడా అదే. అంగుళాలో సెంటీమీటర్లో చెప్పకుండా ఎత్తు చెప్పినట్టుంది మన వార్తల వరస.

మెన్సా అంటే గుర్తొచ్చింది. హాలీవుడ్ నటి షారన్ స్టోన్ ఆ సంఘం సభ్యురాలని ఏళ్ల తరబడి ప్రచారం సాగింది. కాదని 2002లో ఆమే ఒప్పుకున్నారు. అప్పటిదాకా సంఘాన్ని అడిగి చూద్దామని ఎంతమంది విలేకరులకు తోచిందో!

ఇక పెద్ద అంకెలు. పెద్దల కోసం తయారైన వెక్స్‌లర్ పరీక్ష నాలుగో కూర్పులో మొత్తం స్కోరు 160 దాటదు. ఆ 160 కూడా లెక్క ప్రకారం సుమారు 31 వేల మందిలో ఒకరికి రావాలి. ఆ కూర్పులో ఎన్ని సరైన జవాబులకు ఎంత స్కోరో తేల్చే ప్రమాణాలు కట్టడానికి అమెరికాలో పరీక్షించింది 2,200 మందిని. వాళ్లలో అలాంటి మనిషి ఒక్కరైనా తగిలే అవకాశం తక్కువ. మరి అంత పైన కొలత ఎంత గట్టిగా ఉంటుంది? 200 అయితే అదే లెక్కన దాదాపు 7,600 కోట్ల మందిలో ఒకరు. భూమ్మీద ఉన్నది 800 కోట్ల పైచిలుకు.

ఇలాంటి అంకెలు చాలావరకు పాత పద్ధతి పుణ్యం. పిల్లల మానసిక వయసును అసలు వయసుతో భాగించి 100తో హెచ్చవేసేవారు. ఐదేళ్ల పిల్ల పదేళ్ల పిల్లల స్థాయిలో జవాబులిస్తే 200 అన్నమాట. పెద్దవాళ్లకు ఈ లెక్క అతకదు. గిన్నిస్ వారు ‘అత్యధిక ఐక్యూ’ విభాగాన్నే 1990లో ఎత్తేశారు. ‘ఐన్‌స్టీన్‌ను మించిన మేధ’ అనే శీర్షికలు మాత్రం ఆగడం లేదు. ఐన్‌స్టీన్ ఐక్యూ పరీక్ష రాసినట్టు ఆధారమే లేనప్పుడు ఎవరు ఎవరిని మించినట్టు? 2004లో ఒక ఇంటర్వ్యూలో స్టీఫెన్ హాకింగ్‌ను ఆయన ఐక్యూ ఎంతని అడిగితే, తెలియదని, దాని గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లు పనికిమాలినవాళ్లని కొట్టిపారేశారు.

అసలు పరీక్ష ఎలా ఉంటుందో కూడా పాఠకులకు చెప్పాలి. మనస్తత్వ నిపుణుడు ఎదురుగా కూర్చుని గంటకు పైగా ఒక్కరికే పెడతారు. ఎరుపు, తెలుపు దిమ్మెలను బొమ్మలో ఉన్నట్టు పేర్చమంటారు, చదివిన అంకెలను వెనక నుంచి ముందుకు అప్పజెప్పమంటారు, గడియారం చూస్తూ రాసుకుంటారు. చివర్లో ఇచ్చే నివేదికలో స్కోరు పక్కనే, అసలు విలువ ఇంత నుంచి ఇంత మధ్య ఉండొచ్చని కూడా ఉంటుంది. ఆ హద్దులు ఒక్క తార కథనంలోనూ నాకు కనపడలేదు. ఫోన్లో ఇరవై ప్రశ్నలకు టిక్కులు పెట్టించి, డబ్బు కడితే సర్టిఫికెట్ పంపేవాటికీ దీనికీ పోలికే లేదు. తారల అంకెలు చూసి తల్లిదండ్రులు పిల్లలతో రాయిస్తున్నది మాత్రం వాటినే. ఫ్రెంచ్ మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే 1905లో తొలి పరీక్ష తయారు చేసింది బడిలో వెనకబడుతున్న పిల్లలను గుర్తించి సాయం అందించడానికి!

కాబట్టి నా మనవి ఒక్కటే. ఎవరైనా ఐక్యూ చెప్పుకుంటే పరీక్ష పేరు, తేదీ, పెట్టినవారి వివరం అడగండి. ఇస్తే వాటితో సహా వేయండి, సంతోషంగా చదువుతాం. ఇవ్వకపోతే ఆ వాక్యం తీసేసి మిగతా కథనం వేసుకోండి.

ఇట్లు,
మీ పాఠకుడు