చిన్న కాంట్రాక్టును చిన్నచూపు చూడొద్దు

సంపాదకులకు నమస్కారం.

అమెరికన్ ఫుట్‌బాల్ కబుర్లు తెలుగులో చదువుకోవడం మాలాంటి ప్రవాసులకు ఆనందమే. కానీ ఆ వార్తల్లో ఎప్పుడూ పెద్ద అంకెలే. 2025 జులైలో న్యూయార్క్ జెట్స్ జట్టు తన కార్నర్‌బ్యాక్ సాస్ గార్డ్‌నర్‌కు నాలుగేళ్లకు 12.04 కోట్ల డాలర్ల ఒప్పందం ఇస్తే, ఆ అంకెను రోజుల తరబడి చెప్పుకున్నారు. కనీస వేతనానికి ఏడాది సంతకం పెట్టే రిజర్వు కార్నర్‌బ్యాక్ సంగతి వచ్చేసరికి ‘చవక బేరం’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. నా అభ్యంతరం ఆ ముక్క మీదే.

కార్నర్‌బ్యాక్ పని ప్రత్యర్థి రిసీవర్‌ను నీడలా అంటిపెట్టుకుని బంతి చేతికి చిక్కకుండా చూడటం. అందులో రిజర్వువాడి విలువ ఎంతో 2015 ఫిబ్రవరి 1 నాటి సూపర్‌బౌల్ (లీగ్ ఫైనల్), సియాటిల్, న్యూ ఇంగ్లండ్ జట్ల మధ్య జరిగింది, చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. సియాటిల్ ఆటగాడు జెరెమీ లేన్ తొలి క్వార్టర్‌లోనే న్యూ ఇంగ్లండ్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) టామ్ బ్రేడీ పాస్‌ను పట్టేసి, బంతితో పరిగెడుతూ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. బదులుగా దిగిన థారల్డ్ సైమన్‌నే న్యూ ఇంగ్లండ్ గురిపెట్టింది. చివర్లో న్యూ ఇంగ్లండ్ రిసీవర్ ఎడెల్మన్ కొట్టిన టచ్‌డౌన్ కూడా సైమన్ కాపలాలోనే. అవతల న్యూ ఇంగ్లండ్ కూడా రెండో సగంలో ఒక రిజర్వు కుర్రాణ్ని దించింది. పేరు మాల్కమ్ బట్లర్. కొత్త ఆటగాళ్లను జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, ట్రయల్‌కు పిలిస్తే వచ్చి చోటు సంపాదించుకున్నాడు. ఆ ఏడాది అతని జీతం లీగ్ కనీస వేతనం, 4.2 లక్షల డాలర్లు. గోల్‌లైన్ దగ్గర సియాటిల్ క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ పాస్‌ను అందుకుని న్యూ ఇంగ్లండ్ 28-24 గెలుపును ఖాయం చేసింది అతనే. ఒకే మ్యాచ్‌లో ఒక రిజర్వువాడి మీదుగా ఒక జట్టు మునిగింది, ఇంకొకడి చేతుల మీదుగా ఇంకో జట్టు తేలింది.

బట్లర్ లాంటి రాత నూటికొకడికి కూడా ఉండదు, ఒప్పుకుంటాను. అయినా రోజువారీ లెక్కలోనూ ఇలాంటి కనీస వేతన ఒప్పందం జట్టుకు లాభమే. 2025లో ఏడేళ్లు, ఆపైన ఆడిన అనుభవజ్ఞుడి కనీస వేతనం 12.55 లక్షల డాలర్లు. అతణ్ని ఏడాదికి ఆ మొత్తానికే తీసుకుంటే జట్టు జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి లెక్కలో పడేది 10.3 లక్షలే, అంటే రెండేళ్ల అనుభవమున్న కుర్రాడి కనీస వేతనమంత. అనుభవం ఉన్నవాళ్లను ఖరీదు పేరుతో పక్కన పెట్టకూడదనే ఈ వెసులుబాటు. ఆ ఏడాది జట్టు మొత్తం పరిమితి 27.92 కోట్ల డాలర్లు. అందులో ఇది అర శాతం కూడా కాదు.

మరి ఆటగాడి వైపు? సంతకం పెట్టిన మొత్తం చేతికొచ్చినట్టు కాదు. గ్యారంటీ లేకపోతే సీజన్‌కు ముందు జట్టును కుదించే ఆగస్టు కోతల్లో పేరు కొట్టేసిన రోజే కథ ముగుస్తుంది. నాలుగు సీజన్లు పూర్తయినవాడు మొదటి వారం జాబితాలో ఉంటే, తర్వాత తీసేసినా ఆ ఏటి జీతం అడిగే హక్కుంది, అదీ కెరీర్‌లో ఒక్కసారే. అందుకే కొన్ని జట్లు మొదటి వారం దాటాక పిలుస్తాయి. అక్కడ ‘చవక’ భారం మోసేది ఆటగాడే.

పోయినేడు ఆర్లింగ్టన్‌లో మైదానానికి దగ్గరి వరుసలో మా అబ్బాయీ నేనూ కూర్చున్నాం. వాడు బడి జట్టులో కార్నర్‌బ్యాక్. పంట్ కొట్టే (బంతిని ప్రత్యర్థి వైపు దూరంగా తన్నే) వేళ ఒక రిజర్వు కార్నర్‌బ్యాక్ మా ముందే గీత పక్కన నిలబడ్డాడు, వేళ్లకు తెల్ల టేపు చుట్టుకుని. ప్రత్యర్థులిద్దరు కలిసి గీత బయటికి నెట్టేస్తే వెంటనే లోపలికొచ్చి, నలభై గజాలు పరిగెత్తి, బంతి పట్టినవాణ్ని పట్టినచోటే పడగొట్టాడు. స్టేడియంలో చప్పట్లు కొట్టిందెవరని? మావాడు ఒక్కడే లేచి నిలబడ్డాడు. మర్నాడు ఆ పేరు ఏ వార్తలోనూ కనిపించలేదని నాతో అన్నాడు.

అందుకని నా కోరిక ఇది. కాంట్రాక్టు వార్త వేసేటప్పుడు మొత్తం అంకె పక్కనే గ్యారంటీ ఎంతో వేయండి. రిజర్వు ఆటగాడైతే స్పెషల్ టీమ్స్‌లో (పంట్ లాంటి తన్నే వేళల్లో దిగే బృందాల్లో) ఏం చేస్తాడో, బయటి గీత దగ్గరా మైదానం మధ్య వైపు ఉండే స్లాట్ స్థానంలోనూ ఆడగలడో లేదో ఒక్క వాక్యం రాయండి. ఆ రెండూ చూశాకే అది మంచి బేరమో కాదో, ఎవరికి మంచిదో పాఠకులు తేల్చుకోగలుగుతారు. ఇక్కడ తెలుగు పిల్లలు ఈ ఆటలోకి అడుగుపెడుతున్నారు. వాళ్ల అమ్మానాన్నలు ఆ పెద్ద అంకెలు మాత్రమే చదివి ఆశలు పెట్టుకోవడం నాకు కళ్లారా కనిపిస్తోంది.

– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్