ఒహాయో స్టేట్ 2024 సీజన్: ఏ ఆటలు చూడాలంటే

ఒహాయో స్టేట్ (అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు) అభిమానుల్లో కొత్తగా చేరినవాళ్లు 16 ఆటలూ చూడక్కర్లేదండీ, ఈ కింద చెప్పినవి చాలు.

ముందు అక్టోబర్ 12, ఆరెగాన్‌లో 32-31 ఓటమి. చివరి 10 సెకన్లు ఆపి ఆపి చూడండి. ఆరెగాన్ 11 మందికి బదులు 12 మందిని దించింది. పెనాల్టీ 5 గజాలే, కానీ కరిగిపోయిన 4 సెకన్లు తిరిగి రాలేదు. ఆ కిటుకు చెల్లకుండా తర్వాత నిబంధన సవరించారు. అదే ఆటలో మనవాళ్ల లైన్లో (ప్రత్యర్థుల్ని అడ్డుకునే ముందు వరసలో) ఎడమ చివర ఆడే లెఫ్ట్ టాకిల్ సిమన్స్ మోకాలు దెబ్బతింది, నవంబర్లో అదే లైన్లో మధ్యన ఆడే సెంటర్ మెక్‌లాక్లిన్ కూడా గాయంతో తప్పుకున్నాడు. లైన్లో ఆ రెండు చోట్లూ ఖాళీ అయ్యాక కూడా మిషిగన్ మీద బంతిని మధ్యలోంచే తోశారు: 26 సార్లు పరిగెత్తితే వచ్చినవి 77 గజాలే. పైగా రెండు ఫీల్డ్ గోల్స్ (3 పాయింట్ల కిక్కులు) మిస్. 13-10తో పోయింది. నన్నడిగితే తప్పు కోచింగ్‌దే.

ప్లేఆఫ్‌లో (ఛాంపియన్‌ని తేల్చే నాకౌట్ ఆటల్లో) టెన్నెసీ (42-17) వదిలేసినా ఫర్వాలేదు. తర్వాతి రౌండ్ ఆట అయిన రోజ్ బౌల్లో అదే ఆరెగాన్‌ను 34-0 దాకా తొక్కేశారు, సగం ఆట చాలు.

జనవరి 10, టెక్సస్ ఆట మాత్రం పూర్తిగా చూడాల్సిందే. స్కోరు 21-14తో ఒహాయో ముందుంది, టెక్సస్ గోల్ గీతకి 1 గజం దూరంలో ఉంది. సెకండ్ డౌన్‌లో (నాలుగు ప్రయత్నాల్లో రెండోదాంట్లో) బంతిని పక్కకి విసిరి 7 గజాలు పోగొట్టుకుంది. ఫోర్త్ డౌన్‌లో ఒహాయో డిఫెండర్ సాయర్ టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) చేతిలోంచి బంతి ఊడగొట్టి, తనే పట్టుకుని 83 గజాలు పరిగెత్తాడు.

ఫైనల్ నోటర్ డామ్‌తో, 34-23. అందులో చివర్లో థర్డ్ అండ్ 11 (మూడో ప్రయత్నం, ఇంకా 11 గజాలు కావాలి) దగ్గర జెరెమయా స్మిత్‌కి వేసిన 56 గజాల పాస్ చూడండి.