పుంజును గంప కింద మూస్తే కొట్లాట ఆగదు

సంపాదకులకు,

సంక్రాంతి వెళ్లి మాఘమాసం వచ్చేసరికి పెరట్లో కోళ్లున్న ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న: ఈ రెండో పుంజును ఏం చేయాలి? పొద్దు పెరిగే కొద్దీ పుంజుల ఒంట్లో పొగరు పెరుగుతుంది. అప్పటిదాకా ఒకే గిన్నెలో నూకలు తిన్న అన్నదమ్ములు మెడ ఈకలు నిక్కబొడుచుకుని ఎదురెదురు నిలబడతాయి. పత్రికల వ్యవసాయ పేజీల్లో గుడ్ల లెక్కలు, టీకాల తేదీలు వస్తున్నాయి గానీ పుంజుల సంగతి ఎవరూ రాయడం లేదు. పెరటి పెంపకానికి ఇచ్చే వనరాజా, గ్రామప్రియ పిల్లలైనా, ఇంట్లో పొదిగించిన నాటు పిల్లలైనా ఆడమగ కలిసే వస్తాయి. ఇరవై పిల్లలు తెచ్చుకుంటే అందులో అటూ ఇటూగా పది పుంజులే. ఒకదాన్ని పెట్టలతో వదిలి, మిగతావాటిని గంప కింద మూయడమో, కాలికి తాడు కట్టి మేకుకు బిగించడమో మన ఊళ్ల అలవాటు. కొట్లాటను పెంచేది ఈ అలవాటే.

కోళ్ల మందలో ఎవరు ముందు, ఎవరు వెనక అనే వరుస ఉంటుందని నార్వేకు చెందిన జంతుశాస్త్రవేత్త షెల్డెరుప్-ఎబ్బె 1920ల మొదట్లోనే రాశాడు. ఎవరిని ఎవరు పొడవవచ్చో, ఎవరు పక్కకు తప్పుకోవాలో తేలిపోతే రోజూ పోట్లాడే పని ఉండదు. తురాయి, ముఖం చూసి కోళ్లు ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. కానీ ఆ గుర్తు ఎక్కువ కాలం నిలవదు. రెండు మూడు వారాలు కంటికి కనపడకుండా పోయిన పుంజు తిరిగి వస్తే మందకు అది పరాయి పుంజే, పాత వరుస చెల్లదు. గంప కింద పదిహేను రోజులు ఉంచి ‘కోపం తగ్గి ఉంటుందిలే’ అని వదిలితే మొదటి నుంచి తన్నుకునేది అందుకే. కట్టేసిన పుంజు పరిస్థితి ఇంకా అన్యాయం. ఓడిన పుంజు గెలిచినదాని కంట పడకుండా తప్పుకున్నప్పుడే కొట్లాట ఆగుతుంది. కాలికి తాడున్నది ఎక్కడికి తప్పుకుంటుంది?

ముందుగా ఒక హెచ్చరిక. కింద రాసేదేదీ పందెం కోళ్లైన ఆసిల్ జాతికి, దానితో కలిసిన సంకరానికి వర్తించదు. జాతి పుంజులు పిల్ల వయసు నుంచే కలియబడతాయి, ఓడినా తప్పుకోవు. వాటిని దేన్ని దానికి విడిగా ఉంచాల్సిందే. మధ్యలో ఇనుప జాలి పెడితే చాలదు, జాలిలోంచే పొడుచుకుని ముక్కులు, తురాయిలు చెడగొట్టుకుంటాయి. నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తు వరకు రేకో, చెక్కో, గోడో అడ్డం ఉండాలి. (వాటిని బరిలోకి దించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమన్న సంగతి ప్రతి పండక్కీ గుర్తుచేయాల్సి రావడం వేరే విషయం.)

మామూలు నాటు పుంజులకు, వనరాజాలాంటి వాటికి మొదట చూడాల్సింది పెట్టల లెక్క. గుడ్లు తినడానికే అయితే అసలు పుంజు అక్కర్లేదు, పెట్ట ఎలాగూ పెడుతుంది. పిల్లలు కావాలంటే ఎనిమిది నుంచి పది పెట్టలకు ఒక పుంజు. రెండో పుంజు ఉంటే మేలే: ముంగిసో, కొక్కెర తెగులో ఒకదాన్ని తీసుకుపోయినా మంద ఆగిపోదు, పిల్లలన్నీ ఒకే తండ్రివి కాకుండా ఉంటాయి. కానీ పెట్టలు పదహారుకు తక్కువైతే రెండో పుంజును వాటితో ఉంచకండి. అలాంటి చోట పుంజుల కన్నా ముందు పెట్టలు దెబ్బతింటాయి. వీపు మీద, తల వెనక ఈకలు ఊడి తోలు కనపడిందంటే వాటిని అతిగా తొక్కుతున్నాయని అర్థం. బరువైన వనరాజా పుంజును చిన్న నాటు పెట్టల మధ్య వదిలినా ఇదే జరుగుతుంది.

ఇక చోటు. ఇరవై పెట్టలు, రెండు పుంజులు అనుకుందాం. ఒకే పుంజున్న మందకు రాత్రి పడుకోవడానికి కోడికి రెండు చదరపు అడుగులు సరిపోతుంది. రెండో పుంజు ఉన్నప్పుడు నాలుగు లెక్కన వేసుకోవాలి. ఇరవై రెండింటికి 88, అంటే 8 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవున్న గూడు. బయట తిరగడానికి కోడికి 20 చదరపు అడుగుల చొప్పున 440, అంటే ఇంచుమించు ఒక సెంటు. పగలంతా పొలం గట్ల మీద తిరిగే కోళ్లకు ఈ బయటి లెక్క అక్కర్లేదు. దడి కట్టిన పెరళ్లకే ఇది.

అయితే చోటు ఎంతుందన్న దానికన్నా ఎలా ఉందన్నది ముఖ్యం. ఖాళీగా, నున్నగా ఊడ్చిన సెంటు స్థలం కన్నా అడ్డాలున్న అర సెంటు నయం. గెలిచిన పుంజుకు ఓడినది పొద్దస్తమానం కనపడుతూ ఉంటే తరుముతూనే ఉంటుంది. ఆరడుగుల పొడవు, మూడడుగుల ఎత్తున్న తాటాకు తడికలు మూడో నాలుగో మధ్య మధ్యలో నిలబెట్టండి. తడిక ఏ కొసా దడికి ఆనకూడదు, రెండు వైపులా కనీసం మూడడుగుల దారి ఉండాలి. చుట్టూ తిరిగి పోవడానికి వీలుండాలన్నమాట. అడ్డంగా నిలబెట్టిన పాత నులక మంచం, కందికంప కట్టలు, అరటి గుబురు ఏదైనా పనికొస్తుంది. దడి మూలలు మాత్రం ప్రమాదం. తరిమే పుంజు ముందు పరుగెత్తేది తిన్నగా మూలలోకి దూరి, తల మూలకు పెట్టి కూలబడుతుంది. వెనకది దాని తల మీదే పొడుస్తుంది. పుంజులు చచ్చేది ఎక్కువగా ఇక్కడే. ప్రతి మూలలో ఒక పలకనో రేకునో ఐమూలగా బిగించండి, లేదా కంపతో నింపేయండి. పరుగెత్తేది ఆగకుండా మలుపు తిరిగి పోతుంది.

గూటికి ఒకే తలుపు ఉంటే రోజూ పొద్దున్నే గొడవ మొదలయ్యేది ఆ తలుపు దగ్గరే. పెద్ద పుంజు బయటికొచ్చి గుమ్మంలో నిలబడి రెండోదాన్ని రానివ్వదు. ఎదురెదురు గోడలకు అడుగు వెడల్పు, పద్నాలుగు అంగుళాల ఎత్తున రెండు కంతలు పెట్టండి. ముందు బయట గింజలు జల్లి, ఆ తర్వాత రెండూ ఒకేసారి తెరవండి. వెలుగొచ్చాక ఆలస్యం చేస్తే లోపలే తన్నుకుంటాయి.

కూర్చునే కర్రలు నిచ్చెన మెట్లలా ఒకదాని కన్నా ఒకటి ఎత్తుగా కట్టడం చాలామంది చేసే పొరపాటు. పై కర్ర కోసం ప్రతి సాయంత్రం పోటీ పడతాయి. అన్నీ ఒకే ఎత్తున, నేలకు రెండున్నర అడుగుల్లో, కర్రకు కర్రకు మధ్య అడుగున్నర ఎడంతో కట్టండి. రెండంగుళాల లావు సరుగుడు కర్ర బాగుంటుంది. పెట్టకు పది అంగుళాలు, పుంజుకు పన్నెండు లెక్క వేస్తే ఇరవై రెండింటికి దాదాపు 19 అడుగులు, అంటే పదేసి అడుగుల కర్రలు రెండు.

మేత తొట్లు నాలుగు, నీళ్ల గిన్నెలు మూడు, ఒకదానికొకటి పది అడుగుల దూరంలో, తడికలకు అటొకటి ఇటొకటి. ఒకే తొట్టి ఉంటే పెద్ద పుంజు కాపలా కాస్తుంది, చిన్నది ఎండుకుపోతుంది. ఎండాకాలం గిన్నెలన్నీ ఒకే చెట్టు నీడన పెట్టడం కూడా కుదరదు. కోళ్లన్నీ అక్కడే గుమికూడతాయి కనుక నీడ కూడా రెండు మూడు చోట్ల ఉండాలి. మేత గురించి ఇంకో మాట. గుడ్ల కోసమని మందంతటికీ లేయర్ మేత పోస్తుంటారు. అందులో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉంటుంది. గుడ్డు పెట్టని పుంజు ఒంటికి అది అక్కర్లేదు, నెలల తరబడి తింటే మూత్రపిండాలు చెడే ప్రమాదం ఉంది. అందరికీ ఎదిగే కోళ్లకు వేసే గ్రోవర్ మేత పోసి, ఆల్చిప్పల నలుసు విడిగా ఒక గిన్నెలో పెట్టండి. కావలసిన పెట్ట తనే తింటుంది.

మరి మిగిలిన పుంజుల మాట? అన్నిటినీ కోసెయ్యనక్కర్లేదు. పెట్టలు కంటపడకపోతే పుంజులు పుంజులతో బాగానే బతుకుతాయి. కలిసి పెరిగిన అయిదు పుంజులకు నూటయాభై చదరపు అడుగుల దడి, అయిదు మేత గిన్నెలు, పైన చెప్పిన తడికలు సరిపోతాయి. ఈ దడి పెట్టల పెరటికి ఇంటి రెండో వైపున ఉండాలి. మధ్యలో గోడో, మూసిన రేకో ఉండాలి, జాలి కాదు. నాలుగు నెలలు దాటి కూత నేర్చుకునే వేళకు, పెట్టలను తొక్కడం మొదలుపెట్టకముందే అన్నిటినీ ఒకే రాత్రి మార్చేయండి. చీకట్లో కర్ర మీద కూర్చోబెడితే తెల్లారి ఏ పుంజుకూ అది సొంత ఇల్లు కాదు. మూడు నాలుగు రోజులు చిన్న చిన్న దెబ్బలాటలు ఉంటాయి, భయపడక్కర్లేదు. ఒక్క నియమం తప్పకూడదు. ఈ దడిలోంచి పెట్టల దగ్గరికి పంపిన పుంజును మళ్లీ ఇక్కడికి తేకూడదు. తెచ్చిన రోజే రక్తం చూస్తారు.

సంతలో కొన్న పెద్ద పుంజును ఉన్న పుంజుతో కలపడం దాదాపు దండగ పని. తప్పదనుకుంటే మొదట మూడు వారాలు పూర్తిగా వేరే చోట ఉంచి, తెగులేమీ లేదని చూసుకోవాలి. ఆ తర్వాత పది రోజులు జాలికి ఇటు ఒకటి, అటు ఒకటి. అప్పటికీ జాలి మీదికి దూకుతుంటే ఆ ప్రయత్నం మానేయండి. తండ్రి పుంజు నీడలో పెరిగిన కొడుకు చాలావరకు ఒదిగి ఉంటుంది, అన్నదమ్ములూ అంతే. రెండో పుంజు కావాలనుకునేవాళ్లు ఇంట్లో పుట్టినదాన్నే నిలుపుకోవడం మేలు.

ఏది మామూలు తగువు, ఏది కాదు? ఎదురెదురు నిలబడి తలలు దించి, రెండు మూడు సార్లు ఎగిరి, ఒకటి పక్కకు తిరిగి నేల పొడిస్తే అది వరుస తేల్చుకోవడం. నిమిషంలో అయిపోతుంది, మీరు కలగజేసుకుంటే తేలకుండా మిగిలి రేపు మళ్లీ మొదలవుతుంది. ఒకటి కూలబడ్డాక కూడా రెండోది ఆగకపోయినా, కంటి మీద దెబ్బ తగిలినా, ఓడినది మేతకు రాకుండా రోజంతా దాక్కున్నా అప్పుడు విడదీయాలి. చేతులు పెట్టకండి, పుంజు కాలి ముల్లు దిగితే లోతుగా దిగుతుంది. మధ్యలో పలక దించి, గెలిచినదాని మీద గోనె సంచి వేసి ఎత్తుకోండి. గాయాన్ని గోరువెచ్చని ఉప్పునీళ్లతో కడిగి పోవిడోన్ అయోడిన్ రాయండి. రక్తం ఎర్రగా కనపడుతున్నంత సేపు పెట్టలు కూడా పొడుస్తాయి. కనుక గాయం ఎండేవరకు దాన్ని పక్కన ఉంచాలి, అయితే జాలి వెనక, మంద కళ్లెదుటే. గంప కింద కాదు. రెండు మూడు రోజుల్లో తిరిగి కలిపేయవచ్చు.

ముల్లు పెరిగిన పుంజులకు రెండు మూడు నెలలకోసారి కొస మొద్దుబారేలా ఆకురాయితో అరగదీస్తే సగం గాయాలు తగ్గుతాయి. లోపల ఎముక, రక్తం ఉంటాయి కాబట్టి కొస పావు అంగుళం మించి ముట్టుకోవద్దు. రక్తం వస్తే పసుపు అద్ది గట్టిగా నొక్కి పట్టండి.

కూరకు తీసేటప్పుడు చాలామంది చేతికి దొరికే నెమ్మదైన పుంజునే పడతారు. ఉరిమి చూసే మొరటుది మిగిలి, మరుసటి ఏడు పిల్లలకు తండ్రవుతుంది, దాని గుణమూ కొంత వాటికి వస్తుంది. తీయాల్సింది ఆ మొరటుదాన్నే. మనుషుల మీదికి దూకేదాన్ని, పిల్లలున్న ఇంట్లో అయితే, ఒక్క రోజు కూడా ఉంచకూడదు.

మందలో పెద్ద ఏదో తెలియక తికమక పడేవాళ్లు తెల్లవారుజామున ఓసారి చెవి పెట్టి వినండి. మొదటి కూత పెద్ద పుంజుదే, మిగతావి వరుస ప్రకారం దాని వెనక కూస్తాయి. పెద్దదాన్ని తీసేస్తే రెండోది ముందు కూస్తుంది. జపాన్ శాస్త్రవేత్తలు 2015లో ప్రచురించిన పరిశోధనలో తేలిన సంగతి ఇది. మొన్నటిదాకా వెనక కూసినది ఇవాళ ముందు కూసిందంటే ఆ రోజు పెరట్లో ఒక కన్నేసి ఉంచాలి.

పిల్లలను అమ్మేవాళ్లకు, పంచేవాళ్లకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఇరవై పిల్లలు చేతిలో పెట్టేటప్పుడు టీకా కార్డుతో పాటు, ఇందులో సగం పుంజులే కావచ్చని, నాలుగో నెలకల్లా వాటికి వేరే దడి సిద్ధం చేసుకోవాలని ఒక చీటీ మీద రాసివ్వండి. పొదిగించే ఉద్దేశంతో పుంజును మార్చేవాళ్లకు కూడా ఒక లెక్క చెప్పాలి. పాత పుంజు విత్తనం పెట్ట కడుపులో రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాల దాకా నిలుస్తుంది. కనుక కొత్త పుంజును వదిలిన మూడు వారాల తర్వాత పెట్టిన గుడ్లనే పొదుగుకు వేయాలి.

ఇట్లు,
పెరటి కోళ్ల పెంపకందారు,
ఏలూరు జిల్లా