తిరుపతి ఐసర్ (సైన్సు చదువు, పరిశోధనల సంస్థ) ఏర్పేడు క్యాంపస్‌లోని బుజ్జికి

తెనాలి,
ఆదివారం.

చి. బుజ్జికి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. బామ్మకి రెండో కంటికి కూడా ఆపరేషన్ అయింది. చుక్కల మందు నువ్వు వేస్తేనే మండదట, రోజూ అదే మాట. గేటు పక్క జామచెట్టు విరగకాసింది. అమ్మ కందిపొడి, నిమ్మకాయ పచ్చడి కట్టి ఉంచింది. మెస్‌లో పెరుగు వేసుకుంటున్నావా? అక్కడి ఉక్కకి మజ్జిగ మానకు.

ఫోన్ చేస్తే “ల్యాబ్‌లో ఉన్నా నాన్నా, తర్వాత చేస్తా” అని పెట్టేస్తున్నావు. తర్వాత చేయడం లేదు. ఉత్తరమైతే తీరికైనప్పుడు చదువుకుంటావని రాస్తున్నాను.

మొన్న పెళ్ళిలో సుబ్బులు పిన్ని కనబడింది. పాకం గారెలు వేశారు, నువ్వుంటే బాగుండేదనుకున్నాం. పిన్ని ఏమందంటే, నీకు మిడ్‌సెమ్‌లో లెక్కలు బాగా పోయాయట, ఐసర్ మానేసి మళ్ళీ నీట్‌కి కూర్చుంటావట. నువ్వు చెప్పేదాకా నేను ఏదీ నమ్మను. కానీ అప్పటి నుంచి మీ అమ్మకి నిద్ర లేదు.

లెక్కల మాస్టారి కూతురివి కాబట్టి నాతో చెప్పడానికి మొహమాటపడుతున్నావని అమ్మ అంటోంది. అదే నిజమైతే ఒక మాట విను. ఇంటర్‌లో ఎంపీసీ పిల్లలు 1ఎ, 1బి, 2ఎ, 2బి అని నాలుగు పేపర్లు రెండేళ్ళు రుద్దారు. ఆ రెండేళ్ళూ నువ్వు బొద్దింక జీర్ణవ్యవస్థ బొమ్మలు గీస్తూ కూర్చున్నావు. ఐసర్‌లో మొదటి ఏడాది బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు అందరూ చదవాల్సిందే. బైపీసీ నుంచి వచ్చిన పిల్లకి లెక్కలు కష్టం కాకపోతేనే ఆశ్చర్యం. వాళ్ళ మార్కుల పక్కన నీ మార్కులు పెట్టి చూసుకోకు.

లిమిట్‌కి ఎప్సిలాన్, డెల్టా నిర్వచనం దగ్గర ఆగిపోయి ఉంటావు, చాలామంది ఆగేది అక్కడే. 3x+1 తీసుకో. x విలువ 2కి దగ్గరయ్యే కొద్దీ అది 7కి దగ్గరవుతుంది. తేడా 0.3 లోపే ఉండాలని ఎవరైనా పట్టుబట్టారనుకో, xని 2కి 0.1 లోపే ఉంచు, సరిపోతుంది. వాళ్ళడిగిన 0.3 ఎప్సిలాన్, నువ్విచ్చిన 0.1 డెల్టా. వాళ్ళు ఎంత చిన్నది అడిగినా నువ్వు అందులో మూడో వంతు ఇస్తే చాలు. న్యూటన్, లైబ్నిజ్ 17వ శతాబ్దంలోనే కాలిక్యులస్ కనిపెట్టినా ఈ నిర్వచనం ఇలా స్థిరపడటానికి 19వ శతాబ్దంలో జర్మన్ గణితవేత్త వైర్‌స్ట్రాస్ దాకా ఆగాల్సి వచ్చింది. నీకు సగం సెమిస్టర్‌లో పట్టుబడలేదని టెన్షన్ పడతావా?

మీ పెద్దత్తయ్య గుంటూరులో బీఎస్సీలో చేరినప్పుడూ ఇంతే. ఇంటర్ దాకా తెలుగు మీడియం, అక్కడ అంతా ఇంగ్లీషు. దసరాకి ఇంటికి రాలేదు, ఉత్తరం రాయలేదు. ఒకరోజు పొద్దున్నే తాతయ్య క్యారేజీ కట్టించుకుని బయల్దేరారు. కింద గిన్నెలో పులిహోర, పైన వంకాయ కూర. నారాకోడూరు దగ్గర బస్సు టైరు పోయింది. ధోవతి నలిగితే సహించని మనిషి, ఎవరిదో లారీ ఆపి మూటల మీద కూర్చుని వెళ్ళారు. ఆయన్ని చూడగానే అత్తయ్య హాస్టల్ మెట్ల మీదే ఏడుపు. క్లాసులో ఒక్క ముక్క అర్థం కావడం లేదు, పక్కవాళ్ళ నోట్సు చూసి దించుకుంటున్నానని చెప్పింది. తాతయ్యకి ఫిజిక్స్ ఏం తెలుసు? “ముందు అన్నం తిను” అన్నారు. తిన్నాక చెయ్యి పట్టుకుని తిన్నగా లెక్చరర్ గారి దగ్గరికి తీసుకెళ్ళి, “మా పిల్లకి ఇంగ్లీషులో చెప్తే అందడం లేదండీ” అన్నారు. ఆయన “ఇన్నాళ్ళూ చెప్పలేదేమ్మా” అని, సాయంత్రం క్లాసులయ్యాక రమ్మన్నారు. ఆ ఏడాదంతా అత్తయ్య వెళ్ళింది. అయినా ఒక పేపరు పోయింది, సెప్టెంబరులో మళ్ళీ రాసింది. చివరికి సెకండ్ క్లాసు. ఇప్పటికీ తన దగ్గర ఫిజిక్స్ చెప్పించుకునే పిల్లలు ఇంటి ముందు సైకిళ్ళు పెడతారు, నువ్వే చూశావు.

మీకు ట్యుటోరియల్ క్లాసులుంటాయి కదా, వెనక కూర్చోకు. తెలియనిది అక్కడికక్కడే అడుగు. రాత్రి రెండింటి దాకా మేలుకుని వీడియోలు చూస్తే లెక్కలు రావు, కాగితం మీద చెయ్యి ఆడాలి. పడుకునే ముందు ఫోను దూరంగా పెట్టు.

బయాలజీకి లెక్కలెందుకని మాత్రం అనుకోకు. 1897లో సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్ డాక్టరే. తర్వాత ఆయనే లెక్కలు కట్టి, దోమలన్నిటినీ చంపక్కర్లేదు, ఒక హద్దు కంటే తగ్గించగలిగితే మలేరియా ఆగుతుందని చూపించాడు. ఆ హద్దు మైక్రోస్కోపులో కనబడేది కాదు.

డాక్టర్ కావాలని నీ మనసుకే ఉంటే అది వేరే సంగతి, కూర్చుని మాట్లాడుకుందాం. లెక్కలకి భయపడి మాత్రం వచ్చేయకు.

వచ్చే శనివారం రాత్రి శేషాద్రి రైలుకి టికెట్ తీశాను. తెల్లారేసరికి తిరుపతిలో దిగి బస్సులో వచ్చేస్తాను. పచ్చడి, పొడి, జామకాయలు తెస్తున్నాను. మిడ్‌సెమ్ ప్రశ్నపత్రం దాచి ఉంచు, మార్కులు చూపించకపోయినా ఫర్వాలేదు. దుప్పటి పల్చగా ఉందన్నావు, ఇంకోటి తేవాలా? ఆదివారం గేటు దగ్గర తల్లిదండ్రుల్ని ఎన్నింటి నుంచి రానిస్తారో కనుక్కుని మెసేజ్ పెట్టు.

నాన్న